గాలి సోకిందన్న ఇంట్లో ఒక నోటు పుస్తకం: నమ్మకాన్నీ ఆధారాన్నీ కలిపి నడిపే పద్ధతి

ఒంట్లో బాగాలేని మనిషిని చూసి మనవాళ్లు "గాలి సోకింది" అంటే, అది ఏ గాలి అని ఎవరూ అడగరు. ఇటలీవాళ్లు కూడా ఒకప్పుడు చలిజ్వరానికి చెడు గాలే కారణమనుకున్నారు. మలేరియా అన్న పేరు అలా వచ్చిందే. ఆ గాలి సంగతి తేలింది మన జంటనగరాల్లోనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. పేరు పాతదే మిగిలింది, కారణం మారింది. ఆత్మల మీద నమ్మకమూ సైన్సూ ఒక ఇంట్లో ఇముడుతాయా అని అడిగేవారికి నా జవాబు ఇది: నమ్మకం ఏ సంఘటనకూ కారణం చెప్పనంతవరకు ఇముడుతుంది; కారణం చెప్పిన మరుక్షణం, మిగతా కారణాలతోపాటు అది కూడా పరీక్షకు నిలబడాలి. దీన్ని ఇంట్లో ఎలా ఆచరించాలో, మేము ఒక అద్దె పోర్షన్‌లో నేర్చుకున్న క్రమంలో వివరిస్తాను.

మొదట, విన్న మాటను రెండుగా విడదీయాలి. "పోయిన ఓనరమ్మ రాత్రిళ్లు పైన తిరుగుతోంది" అని మా మేనత్త చెప్పింది. ఇందులో ఆమె అనుభవం ఒకటి, అంటే తెల్లవారుజామున ఏదో ఈడ్చినట్టు, కొట్టినట్టు చప్పుడు వినడం. దానికి ఆమె చెప్పుకొన్న కారణం రెండవది. అనుభవాన్ని కొట్టిపారేయకూడదు. "అదంతా నీ భ్రమ అత్తా" అని నేను మొదటి రోజే అనేశాను. ఆ తర్వాత వారం పాటు ఆమె నాకేమీ చెప్పలేదు, ఆ వారం వివరాలన్నీ పోయాయి.

తర్వాత నోటు పుస్తకం తెరవాలి. తేదీ, సమయం, మేలుకొని ఉన్నదెవరు, విన్నదేమిటి, కరెంటు ఉందా, మోటారు నడుస్తోందా అన్నవి చప్పుడు విన్న వెంటనే రాయాలి. కారణానికి వేరే గడి ఉంచి, దాన్ని కొన్నాళ్లు ఖాళీగా వదిలేయాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఏమీ జరగని రాత్రులను కూడా రాయాలి. భయపడిన రాత్రి గుర్తుంటుంది, హాయిగా నిద్రపోయిన రాత్రి గుర్తుండదు, కాబట్టి జ్ఞాపకాన్ని నమ్ముకుంటే ప్రతి ఇంట్లోనూ దయ్యం ఉన్నట్టే లెక్క తేలుతుంది. మా పుస్తకంలో నెల తిరిగేసరికి, చప్పుడు రాసిన రాత్రులు దాదాపు అన్నీ నల్లా వదిలిన రాత్రులేనని బయటపడింది. ఎండిన పైపులోకి నీళ్లు తోసుకొస్తుంటే ముందు గాలి బయటికి రావాలి కదా. మా అత్త అన్నట్టు గాలే, కాకపోతే పైపులోది.

ఇంటినీ ఒంటినీ పరిశీలించడం ఇంకా ముందే చేయవలసిన పని, ఎందుకంటే కొన్ని కారణాలు ప్రాణం తీస్తాయి. గాలి ఆడని బాత్రూములో గ్యాస్ గీజరు ఉంటే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు, తలనొప్పి, తల తిరగడం, తికమక కలుగుతాయి. 1921లో అమెరికాలోని ఒక నేత్రవైద్య పత్రికలో, అడుగుల చప్పుళ్లు వింటూ, ఎవరో ఉన్నట్టు భావిస్తూ నీరసించిపోయిన ఒక కుటుంబం కథ అచ్చయింది. వారి ఇంటిని వేడిచేసే కొలిమి పొగ బయటికి పోకుండా గదుల్లోకి వస్తోందని తేలింది, బాగు చేయించాక బాధలు ఆగిపోయాయి. నిద్రలో గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు, అరవబోతే గొంతు పెగలనట్టు అనిపించడం మరొకటి: కలలు వచ్చే దశలో కండరాలను సడలించి ఉంచే ఏర్పాటు తొలగకముందే మెలకువ వస్తే ఇలా జరుగుతుంది. శబ్దం ఎక్కడి నుంచి వస్తోందన్న విషయంలో చెవిని కూడా పూర్తిగా నమ్మలేము. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర కొట్టిన చప్పట్లు ఎక్కడో ఎత్తున ఉన్న బాలా హిస్సార్‌లో వినిపిస్తాయి.

మనుషులను పరీక్షించవలసి వస్తే ఇంగ్లండ్ శాస్త్రవేత్త మైకేల్ ఫారడే పద్ధతిని అనుసరించవచ్చు. ఆత్మలు బల్లను కదిలిస్తున్నాయని లండన్ అంతా చెప్పుకొంటున్న 1853లో, ఆయన బల్ల మీద చేతులు ఆనించి చుట్టూ కూర్చున్నవారి చేతుల కింద మెత్తని జిగురుతో అతికించిన అట్టల దొంతర పెట్టాడు. బల్లే చేతులను లాగుతుంటే కింది అట్టలు ముందు జరగాలి. జరిగినవి పై అట్టలు. చేతులే తోస్తున్నాయి, ఆ సంగతి చేతులున్నవారికే తెలియదు. అందులో మోసం లేదన్నది గమనించాలి. (థాలియం అనే మూలకాన్ని కనుగొన్న క్రూక్స్ వంటి శాస్త్రవేత్త కూడా ఆత్మలను పిలిచేవారిని నమ్మాడు, కాబట్టి చదువు ఒక్కటే రక్ష కాదు.) ఇంటికి వచ్చిన భూతవైద్యుడికి కథ చెప్పకుండా, కథ తెలిసినవారిని పక్కన ఉంచకుండా, దయ్యం ఏ గదిలో ఉందో చెప్పమనండి, మరొకరిని వేరుగా పిలిచి అదే అడగండి. ఇద్దరి జవాబులనూ వారి ముందే రాయండి.

పరీక్ష అక్కరలేనివీ ఉన్నాయి. పెత్తర అమావాస్యకు పెద్దల పేరు మీద బియ్యం ఇవ్వడం లోకం గురించి ఏమీ రుజువు చేయబోదు. అది మన ప్రేమ, దాన్ని నోటు పుస్తకంలోకి లాగడం మర్యాద కాదు. బోనాల మరునాడు ఉజ్జయిని మహంకాళి గుడిలో పచ్చికుండ మీద నిలబడి చెప్పే భవిష్యవాణిని చేతులు జోడించి వినవచ్చు. వాన అంచనాకు మాత్రం బేగంపేట వాతావరణ కేంద్రం బులెటిన్ చూడాలి.

అయితే మందు ఆపమన్నా, డబ్బు అడిగినా, "ఫలానావారు బాణామతి చేశారు" అని ఒక మనిషిని వేలెత్తి చూపినా, అక్కడితో ఆపేయాలి. మూడవదానిలో నేను ఏ మొహమాటమూ పెట్టుకోను, ఎందుకంటే ఆ నింద పడ్డవారిని తెలంగాణ పల్లెల్లో చంపిన ఘటనలున్నాయి. అది విన్న వెంటనే పోలీసులకు చెప్పాలి. మనిషి ప్రవర్తన మారిపోయి, లేని గొంతులు వింటుంటే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు తీసుకువెళ్లండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, అది ఉచితం. గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది.

ఇంత చేసినా కొన్ని వరుసల్లో కారణం గడి నిండదు. దానిలో "ఆత్మ" అని గానీ, "భ్రమ" అని గానీ రాయకండి, ఖాళీగానే ఉంచండి. మా పుస్తకంలో అలాంటివి రెండున్నాయి; ఒకటి నేను రాసిన రాత్రిది, ఆ రోజు నల్లా రాలేదు.