యూనివర్సిటీ సారుతో టీచర్ల సెమినార్ పెట్టుకోవాలంటే

ట్రైనింగ్ అనగానే మనకు గుర్తొచ్చేది వెనక బెంచీ, పీపీటీ, పదకొండు గంటల టీ, సాయంత్రం సర్టిఫికెట్. నేను చెప్పేది ఇంకో రకం. పది పన్నెండు మంది టీచర్లు ఒక ప్రొఫెసర్‌తో కూర్చుని ఒకే విషయాన్ని కొన్ని వారాలు చదువుతారు, ఆఖర్న ఎవరి క్లాసుకు వాళ్లు ఒక పాఠం రాసుకుంటారు. అమెరికాలో యేల్ యూనివర్సిటీ 1978 నుంచి న్యూ హేవెన్ బడి టీచర్లతో ఇలాంటివి నడుపుతోంది, ఏ విషయం మీద కావాలో అడిగేది టీచర్లే. మన తిరుపతిలో ఎస్వీయూ, మహిళా యూనివర్సిటీ, సంస్కృత యూనివర్సిటీ, ఐఐటీ, ఐసర్ (సైన్సు చదువులు, పరిశోధనల కేంద్ర సంస్థ) అన్నీ ఉన్నాయి. వెళ్లి అడగాలంతే.

ముందు ప్రశ్న పట్టుకోండి. "సైన్సు గురించి ఏదైనా చెప్పండి సార్" అంటే ఆయన తన పీహెచ్‌డీ చెప్తాడు, అందులో ఆయన తప్పేం లేదు. మా ప్రశ్న ఎనిమిదో తరగతి పిల్లోడిది: "ఘాట్ రోడ్డులో కొండ కింద ఒక రకం రాయి, పైన ఇంకో రకం, ఎందుకు సార్?" నిజంగానే అక్కడ కింద పాత గ్రానైట్, దాని మీద క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి మారి గట్టిపడిన రాయి), ఆ రెండింటి మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ల ఖాళీ, అంటే ఆ మధ్య కాలం నాటి రాళ్లు అక్కడ లేవు. జియాలజీ వాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూసే చోటు, మనమేమో బస్సులో నిద్రపోతూ దాటేస్తాం.

రిజిస్ట్రార్‌కు లెటర్ పెట్టి కూర్చోకండి, అది కదిలేసరికి పిల్లలు పై క్లాసుకు వెళ్లిపోతారు. నేరుగా డిపార్ట్‌మెంటుకు వెళ్లి ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. పెద్ద పేరున్న ఆయన కంటే, మీరు అడ్డుపడి ప్రశ్న అడిగితే విసుక్కోని మనిషి నయం. ఆయన సరేనన్నాక కాగితాల పని: హెచ్ఎం ద్వారా ఎంఈఓకు (మండల విద్యాధికారికి), పైకి. ఆ లెటర్‌లో 2020 జాతీయ విద్యా విధానం టీచర్లకు ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంటోందన్న మాట తప్పక రాయండి, ఓడీ (ఆ రోజు బడికి రాకున్నా డ్యూటీలో ఉన్నట్టే లెక్క) అడగడానికి అదొక ఆధారం. ఓడీ రాకపోతే రెండో శనివారాలున్నాయి. బ్రహ్మోత్సవాలప్పుడు మాత్రం వద్దు, చిత్తూరు నుంచి వచ్చేవాళ్లకు బస్సులో నిలబడే చోటు కూడా దొరకదు. టెన్త్ పరీక్షల ముందూ అంతే.

ఒక్కో సిట్టింగుకు పది పేజీలు మించొద్దు, వారం ముందే వాట్సాప్‌లో అందరికీ పంపాలి. చదవకుండా వచ్చేవాళ్లు ఉంటారు, మొదటిసారి నేనే. అందుకే ప్రతిసారీ ఒక టీచరు మొదలుపెట్టాలి, ప్రొఫెసర్ తర్వాత మాట్లాడాలి. వరస మారిందంటే అది మళ్లీ లెక్చరే. ఒక రోజు బయటికి వెళ్లండి. ఘాట్ మలుపుల్లో నిలబడి మాట్లాడుకోవడం కుదరదు గానీ, తిరుమలలో శిలాతోరణం దగ్గర కుదురుతుంది.

అసలు కష్టం పాఠం రాయడంలో ఉంది. నేను ఇంతకుముందు వెళ్లిన ఒక సెమినార్‌లో ఇదే వదిలేశారు, ఆ నోట్‌బుక్ ఇప్పుడు ఎక్కడుందో కూడా తెలీదు. నాలుగైదు పేజీలు చాలు. అందులో నిజానిజాలు ప్రొఫెసర్ దిద్దాలి, పిల్లలకు ఎక్కుతుందా లేదా అన్నది తోటి టీచర్లు దిద్దాలి. 80 కోట్ల ఏళ్లని బోర్డు మీద రాస్తే పిల్లోడికి ఏం తెలుస్తుంది? కోటి ఏళ్లకు ఒక మీటరు లెక్కన గ్రౌండులో 80 మీటర్ల తాడు పరిచాం. ఆ లెక్కలో మనిషి జాతి వయసు, సుమారు 3 లక్షల ఏళ్లు, 3 సెంటీమీటర్లు. ఒక అమ్మాయి తన రబ్బరు తీసి తాడు చివర పెట్టి, "ఇంతేనా సార్ మనం?" అంది.

పాఠం క్లాసులో చెప్పి చూశాకే చివరి సిట్టింగు పెట్టుకోండి, ఎక్కడ తేలిపోయిందో ప్రొఫెసర్ కూడా వినాలి. టీ ఖర్చు తలా కొంచెం వేసుకుంటే సరిపోతుంది.