పెరిగే బిట్ వెక్టర్‌లో మిగులు బిట్లు తెచ్చిన చిక్కు

అవసరాన్ని బట్టి పొడవు పెరిగే బిట్ వెక్టర్ (సున్నాలు, ఒకట్ల వరుస) ఒకటి కావలసి వచ్చి, 64 బిట్ల పూర్ణాంకాలను వరుసగా పేర్చి సీ ప్లస్ ప్లస్‌లో రాసుకున్నాను. 70 సున్నాలున్న వెక్టర్‌లోని బిట్లన్నింటినీ తిరగేసి (సున్నాను ఒకటిగా, ఒకటిని సున్నాగా మార్చి), ఒకట్లు ఎన్ని ఉన్నాయో లెక్కించమంటే 70కి బదులు 128 వచ్చింది. అంతకన్నా ప్రమాదకరమైన సంగతి, పొడవును 100కు పెంచినప్పుడు సున్నాలుగా ఉండవలసిన 30 కొత్త బిట్లూ ఒకట్లుగానే కనిపించడం.

లెక్కించే ఫంక్షన్‌ను చాలాసేపు అనుమానించాను గాని, దోషం అక్కడ లేదు. 70 బిట్లకు రెండు పూర్ణాంకాలు కావాలి కనుక రెండవదానిలో 58 బిట్లు మిగిలిపోతాయి. తిరగేసే ఫంక్షన్ వాటినీ ఒకట్లుగా మార్చేస్తోంది.

పొడవును 64తో భాగించగా వచ్చే శేషం ఇక్కడ 6 కాబట్టి, ఒకటిని 6 స్థానాలు ఎడమకు జరిపి, ఒకటి తీసివేస్తే వచ్చే 63ను మాస్క్‌గా, అంటే ఏ బిట్లను ఉంచాలో చెప్పే సంఖ్యగా వాడి, చివరి పూర్ణాంకంలోని మిగులు బిట్లను తుడిచేశాను. అయితే పొడవు సరిగ్గా 128 అయినప్పుడు శేషం సున్నా, మాస్క్ కూడా సున్నా అయి, చివరి 64 బిట్లూ చెరిగిపోయాయి! శేషం సున్నా అయితే మాస్క్ వేయకూడదన్న షరతు చేర్చాను. పొడవును తగ్గించే ఫంక్షన్ చివరా ఇదే తుడుపును పిలుస్తున్నాను. లేకపోతే మళ్లీ పెంచినప్పుడు పాత బిట్లు తిరిగి బయటపడతాయి.