పుర్రె స్కాన్ రిపోర్టు చదవడం – 4వ పాఠం: ఎముకలో తిత్తి ఎందుకు వచ్చింది?

పుర్రె ఎముకకు బయటి పలక, లోపలి పలక, వాటి నడుమ మూలుగ ఉండే స్పంజి పొర ఉంటాయని పోయిన పాఠంలో చూశాం. ఆ నడిమి పొరనే రిపోర్టులో ‘డిప్లో’ అని రాస్తారు. అక్కడ సిస్ట్ (తిత్తి) ఉందని తెలియగానే ఇంట్లో ఎవరో ఒకరు ‘చిన్నప్పుడు కింద పడ్డావు కదా, అదే అయ్యుంటుంది’ అనేస్తారు. దెబ్బ వల్ల వచ్చేవీ ఉన్నాయి. కానీ ఎపిడెర్మాయిడ్, డెర్మాయిడ్ అనే రెండు రకాలకు బీజం సాధారణంగా తల్లి కడుపులోనే పడుతుంది.

గర్భం 3 నుంచి 5 వారాల మధ్య పిండంలో నాడీ గొట్టం మూసుకుంటుంది. పైచర్మం కావాల్సిన కణాలు కొన్ని అప్పుడు లోపల ఇరుక్కుపోతే, తర్వాత వాటి చుట్టూ ఎముక ఏర్పడుతుంది. ఎముకలో ఉన్నా అవి చేసేది చర్మం పనే: పొట్టు రాలుస్తూనే ఉంటాయి. ఒంటి మీది పొట్టు స్నానంతో పోతుంది. ఇక్కడ బయటికి దారి లేదు కాబట్టి కెరటిన్ (చర్మం పొట్టులో ఉండే ప్రోటీన్), కొలెస్టరాల్ పొరలు పొరలుగా పేరుకుంటాయి. ఇదే ఎపిడెర్మాయిడ్ సిస్ట్. తెల్లగా మెరుస్తుంది కనుక ఫ్రాన్స్ వైద్యుడు క్రువెల్యే 1829లో దీన్ని ముత్యపు కణితి అన్నాడు. ఎంత నెమ్మదిగా పెరుగుతుందంటే, 1922లో అమెరికా మెదడు సర్జన్ హార్వీ కుషింగ్ వర్ణించిన కేసులో మెదడు ఎడమ సగం వంపు తిరిగిపోయినా రోగికి మెదడుకు సంబంధించిన ఇబ్బందే లేదు.

ఇప్పుడు రిపోర్టు చేతిలోకి తీసుకోండి. నన్నడిగితే ముందు చూడాల్సింది సైజు కాదు, అంచు. ‘స్క్లిరోటిక్ మార్జిన్’ అని ఉంటే గుంత చుట్టూ ఎముక గట్టిపడి తెల్లగా కనిపిస్తోందని అర్థం. అంటే పెరుగుదల నెమ్మది, ఎముకకు సర్దుకునే టైమ్ దొరికింది. ఆ తెల్ల గీత లేకుండా, రెండు పలకలూ హెచ్చుతగ్గులుగా తినేసినట్టుంటే, ముఖ్యంగా పిల్లల్లో, ఈసినోఫిలిక్ గ్రాన్యులోమాను (రోగనిరోధక కణాలు గుమిగూడి ఎముకను తినేసే జబ్బును) అనుమానిస్తారు. అది అసలు సిస్టే కాదు.

తర్వాత హౌన్స్‌ఫీల్డ్ అంకె, అంటే సీటీలో కనిపించే పదార్థం ఎంత చిక్కనిదో చెప్పే కొలత. నీటికి 0, కొవ్వుకు మైనస్. ఎపిడెర్మాయిడ్ సీటీలో నీటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ అంకె ఒక్కదానితో తేలదు. ఎంఆర్ఐ డిఫ్యూజన్‌లో (నీటి కణాల కదలికను చూపే స్కాన్‌లో) అది తెల్లగా వెలుగుతుంది, మామూలు మెదడు ద్రవం వెలగదు. అంకె మైనస్‌లో ఉంటే డెర్మాయిడ్ కావచ్చు. దానిలో చర్మకణాలతో పాటు వెంట్రుకల కుదుళ్లు, నూనె గ్రంథులు కూడా ఇరుక్కుంటాయి. పిల్లల్లో మాడు దగ్గర, కనుబొమ బయటి కొస దగ్గర ఎక్కువ. దాని మీద సూదిమొనంత రంధ్రం కనిపిస్తే మాత్రం నొక్కకండి. ఆ దారి లోపలిదాకా ఉంటే ఇన్ఫెక్షన్ మెదడు పొరలకు చేరుతుంది.

‘ఫ్లూయిడ్-ఫ్లూయిడ్ లెవెల్స్’ అని ఉంటే సిస్ట్ లోపలి గదుల్లో రక్తం నిలిచి, బరువైనది కిందికి, తేలికైనది పైకి చేరిందన్నమాట. అన్యూరిజ్మల్ బోన్ సిస్ట్‌లో ఇది తరచూ కనిపిస్తుంది. ఎక్కువగా 20 ఏళ్లలోపు వాళ్లకు వస్తుంది, పుర్రెలో అరుదు. 1942లో అమెరికా వైద్యులు జాఫే, లిక్టెన్‌స్టైన్ దీన్ని వేరు చేసి చూపించారు. సిరలో అడ్డంకే కారణమని చాలాకాలం అనుకున్నారు. 2004లో యూఎస్‌పీ6 జన్యువులో మార్పు బయటపడ్డాక లెక్క మారింది. ఫైబ్రస్ డిస్‌ప్లేసియా లాంటి వేరే ఎముక జబ్బు మీద కూడా ఇది తయారవుతుంది.

ఇక దెబ్బ సంగతి. మూడేళ్లలోపు పిల్లల్లో పుర్రె పగిలి, దాని కింది డ్యూరా (మెదడును కప్పే గట్టి పొర) కూడా చిరిగితే, మెదడు ద్రవం కొట్టుకున్నప్పుడల్లా ఆ చీలిక ఇంకాస్త విచ్చుకుంటుంది. దీన్ని 1816లోనే ఇంగ్లండ్ సర్జన్ హౌషిప్ రాశాడు. చర్మం ముక్క లోపలికి దిగి ఎపిడెర్మాయిడ్ అయిన కేసులూ అరుదుగా ఉన్నాయి.

నడినెత్తి దగ్గర లోపలి పలక మీద ‘అరాక్నాయిడ్ గ్రాన్యులేషన్’ అని రాస్తే టెన్షన్ వద్దు, అది సహజంగా ఉండే గుంతే.

అభ్యాసం: రెండేళ్ల పాప. కొన్ని నెలల కిందట మంచం మీంచి పడి పుర్రె పగిలింది. అదే చోట ఇప్పుడు మెత్తటి వాపు, ఏడిస్తే ఉబ్బుతుంది. సీటీలో చీలిక వెడల్పైంది, లోపలి అంకె 6. ఏ పొర చిరిగింది? డెర్మాయిడ్ కాదని ఏ అంకె చెబుతోంది? రాసి పెట్టుకోండి, 5వ పాఠం ఇక్కడి నుంచే మొదలుపెడదాం.