టెంట్‌లో చలి కింద నుంచి వస్తుంది

పిల్లలతో పార్కులో టెంట్ వేసుకుని ఒక రాత్రి పడుకోవాలనుకుంటే ముందు అనుమతి కనుక్కోండి. హైదరాబాద్‌లోని కేబీఆర్ పార్కు లాంటి చోట్ల రాత్రి ఉండనివ్వరు, అది జాతీయ ఉద్యానం. క్యాంపింగ్‌కి అనుమతి ఉన్న చోటే బుక్ చేసుకోవాలి.

అసలు చెప్పాలనుకున్నది చలి గురించి. డిసెంబరు, జనవరిలో హైదరాబాద్‌లో తెల్లవారుజామున 15 డిగ్రీల దాకా పడిపోతుంది. అందరూ కప్పుకోవడానికి రగ్గులు మోసుకెళ్తారు. మేమూ అంతే, నాలుగు రగ్గులు! కానీ ఒంట్లో వేడిని లాగేసేది కింద ఉన్న నేల. మన బరువుకి కింది దుప్పటి అణిగిపోయి, అందులో గాలి మిగలదు కాబట్టి పెద్దగా ఆపదు. అందుకే ముందు ప్లాస్టిక్ పట్టా, దానిమీద టెంట్, లోపల యోగా మ్యాట్లు, వాటిమీద బొంత. బొంత ఉంటే సగం టెన్షన్ పోయినట్టే.

చలిగా ఉందని టెంట్ జిప్పులన్నీ బిగించేయకండి. నలుగురి ఊపిరి తేమ చల్లటి గుడ్డకి తగిలి నీరై, తెల్లారేసరికి బొట్లు బొట్లుగా మీద పడుతుంది. మేం మంచు కురిసిందనుకున్నాం. దోమతెర మూసి, పై కిటికీలు కాస్త తెరిచి ఉంచండి.

లోపల కుంపటి, దోమల కాయిల్ అస్సలు వద్దు. నిప్పు ప్రమాదం ఒకటైతే, బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన కూడా ఉండదు.

వెళ్లే ముందు శనివారం ఒక రాత్రి డాబా మీద టెంట్ వేసి చూడండి. ఏం మర్చిపోయారో అక్కడే తెలుస్తుంది, తెచ్చుకోవడానికి మెట్లు దిగితే చాలు.