చాట్‌బాట్‌ని అడిగేముందు మాత్రల స్ట్రిప్పు చేతిలో పెట్టుకోండి

బెంగళూరు మారతహళ్లిలో మా మెడికల్ షాపుకి రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఒక రకం గిరాకీ వస్తుంది. కౌంటర్ దగ్గర ఆడవాళ్లు వెళ్లిపోయేదాకా ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తిరగేస్తూ నిలబడతారు. ఇదివరకు చీటీ మీద రాసుకొచ్చేవాళ్లు. ఇప్పుడు చాట్‌బాట్ ఇచ్చిన జవాబుని ఫోన్ తిప్పి చూపిస్తున్నారు.

మొన్న ఒక క్యాబ్ డ్రైవర్ వచ్చాడు, కదిరి వైపు మనిషి, యాభై దాటాయి. ఫోన్‌లో సిల్డెనాఫిల్ అని ఉంది, అంగం గట్టిపడటానికి వాడే మందు. డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వనన్నాను. "ఇందులో అంతా రాసిందన్నా, మొత్తం చదివినా" అన్నాడు. నేనూ చదివాను. జవాబులో తప్పేమీ లేదు. 'నైట్రేట్ ఔషధాలు స్వీకరించే రోగులలో ఇది నిషిద్ధం' అని కూడా ఉంది. ఆయన చొక్కా జేబులోంచి సార్బిట్రేట్ స్ట్రిప్పు కనబడుతోంది. గుండెనొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే మాత్ర. అదే నైట్రేట్. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

"ఇది గుండె మాత్ర కదన్నా, ఇందులో నైట్రేట్ ఎక్కడుంది?" అన్నాడు.

చూశారా, జవాబు సరైనదే. ఆయనకే అందలేదు. అప్పటినుంచి ఎవరు ఫోన్ చూపించినా ఇలా అడగమని చెప్తున్నాను.

వాడే మాత్రలన్నీ ముందు పెట్టుకోండి. బ్రాండ్ పేరుతో పాటు స్ట్రిప్పు మీదున్న అసలు మందు పేరు కూడా టైప్ చేయండి. వయసు, ఎన్నాళ్లనుంచి, షుగర్, బీపీ, గుండె జబ్బు, సిగరెట్, పొద్దున లేచేసరికి గట్టిపడుతోందా లేదా, ఇవన్నీ చెప్పండి. మీ పేరు, ఫోన్ నంబరు, పేరున్న రిపోర్టు ఫోటో మాత్రం పెట్టకండి. ఆఖరున ఈ మాట కలపండి: "జవాబు చెప్పేముందు నువ్వు తెలుసుకోవాల్సినవి ఒక్కొక్కటిగా నన్ను అడుగు." ఇది అనకపోతే, పరీక్షలో అడిషనల్ షీట్లు నింపే కుర్రాడిలా తెలిసిందంతా రాసి పడేస్తుంది.

భాష సంగతి అంతకన్నా ముఖ్యం. తెలుగులో అడిగితే 'అంగస్తంభన' అంటుంది. పేపర్లో ట్రాఫిక్ స్తంభించిందంటే ఆగిపోయిందని కదా మనకు అర్థం! పీజీ హాస్టల్లో ఉండే ఒక కుర్రాడు అంగస్తంభన అంటే జబ్బు పేరనుకున్నాడు. 'నిద్రలో అంగస్తంభన రావడం సహజం' అన్నది చదివి, తనకు నిద్రలో ఏదో అవుతోందని రెండు వారాలు టెన్షన్ పడ్డాడు. అది గట్టిపడటమేనని చెప్పాక నవ్వాడు. అందుకే "గట్టిపడటం, త్వరగా అయిపోవడం లాంటి మామూలు మాటలతో చెప్పు, ఆరో తరగతి పిల్లాడికి అర్థం కావాలి" అని అడగండి. ఆరో తరగతి లెక్క నేను పెట్టింది కాదు. పేషెంట్లకిచ్చే సమాచారం ఆ స్థాయిలో ఉండాలని అమెరికా డాక్టర్ల సంఘం చెప్తుంది. ఇంగ్లీషులో దాన్ని కొలవడానికి ఫ్లెష్-కిన్‌కెయిడ్ సూత్రం ఉంది, వాక్యం పొడవు, మాటల పొడవు లెక్కపెడుతుంది. 'చేయించుకోవాల్సివచ్చినప్పుడు' అని ఒకే మాటగా రాసుకునే మనకు అది సరిపోదు. ఫోన్ పక్కన పెట్టి, చదివింది మూడు వాక్యాల్లో మీ అంతట మీరు చెప్పుకోండి. రాలేదా, మళ్లీ అడగండి.

ఇక నమ్మొచ్చా లేదా. వైద్య సమాచారం నాణ్యత చూడటానికి 1999లో ఇంగ్లండ్‌లో డిసర్న్ అని 16 ప్రశ్నల జాబితా ప్రచురించారు. రాత్రి పదింటికి ఎవరూ పదహారూ చూడరు, మూడు చాలు: లాభంతో పాటు నష్టం చెప్పిందా, ఇంకో దారి చెప్పిందా, ఎక్కడినుంచి తెచ్చిందో చెప్పిందా. లింకు ఇస్తే తెరిచి చూడండి. లేని పరిశోధనకు కూడా అచ్చం ఉన్నట్టే పేరు పెట్టగలదు. నాలుగోది నా సొంతం: షుగర్, గుండె పరీక్షల మాట ఎత్తిందా? అంగానికి వెళ్లే రక్తనాళాలు గుండెవాటికంటే సన్నం, పూడిక ప్రభావం ముందు అక్కడే తెలియవచ్చు. ఆ ఊసే లేకుండా మాత్ర పేరు, డోసు చెప్పిందంటే ఆ జవాబు వదిలేయండి.

ప్రశ్న ఎటు వంగితే జవాబూ అటే వంగుతుంది. జిమ్‌కెళ్లే ఒకబ్బాయి "టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్‌తో స్టామినా పెరుగుతుంది కదా?" అని అడిగాడు, అది సై అంది. కొత్త చాట్ తెరిచి "ఇది నాకెందుకు వద్దో చెప్పు" అని అడిగించాను. వీర్యకణాలు తగ్గిపోతాయని అప్పుడు చెప్పింది. అతనికి పెళ్లయి ఆరు నెలలు. పైగా టెస్టోస్టెరాన్ అనే ఆ మగ హార్మోన్ పరీక్షకి రక్తం ఇచ్చింది డ్యూటీ అయ్యాక సాయంత్రం. ఆ పరీక్ష పొద్దున్నే చేయించాలి, తక్కువొస్తే ఇంకోరోజు మళ్లీ.

నాలుగు గంటలు దాటినా గట్టిదనం తగ్గకపోతే, వృషణంలో ఉన్నట్టుండి నొప్పి లేస్తే, ఫోన్ తీసేది టైప్ చేయడానికి కాదు, ఆసుపత్రికి వెళ్లే బండి కోసం. సిల్డెనాఫిల్ వేసుకున్నాక ఛాతీనొప్పి వస్తే 108కి చేయండి, వేసుకున్న సంగతి వచ్చినవాళ్లకు దాచకుండా చెప్పండి.

డ్రైవర్ అన్నకి ఆ రాత్రి మాత్ర ఇవ్వలేదు. గుండె డాక్టర్నే అడగమన్నాను. "అక్కడ నర్సమ్మ ఉంటుంది కదన్నా, ఎట్లా చెప్పేది?" అన్నాడు. బిల్లు వెనక రెండు లైన్లు రాసిచ్చాను, సార్బిట్రేట్ పేరుతో సహా. మడిచి అదే జేబులో పెట్టుకున్నాడు.