రాక్ సింథసైజర్ నేర్చుకుందాం – 5వ పాఠం: గ్లైడ్

పోయిన పాఠంలో ఫిల్టర్‌తో కుస్తీ పట్టాం. ఈసారి గ్లైడ్, అంటే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం. మీ సింథ్ యాప్‌ని ‘మోనో’లో పెట్టండి. ఎన్ని కీలు నొక్కినా ఒక్క స్వరమే పలకాలి. కార్డ్స్ (ఒకేసారి కొన్ని స్వరాలు కలిపి) వాయించడం అలవాటైనవాళ్లకు చేతులు కట్టేసినట్టే ఉంటుంది. 1970లో రాక్ వాళ్ల చేతికొచ్చిన మోగ్ కంపెనీ సింథ్‌లు పలికింది కూడా ఒక్క స్వరమే.

వాయించే ముందు ఒక పాట వినండి. ఎమర్సన్, లేక్ అండ్ పామర్ బృందం 1970లో తెచ్చిన తొలి ఆల్బమ్‌లో చివరి పాట, ‘లక్కీ మ్యాన్’. గిటార్ మీద నెమ్మదిగా సాగే పాట అది. చివర్లో కీత్ ఎమర్సన్ మాడ్యులర్ మోగ్ (విడి భాగాలను వైర్లతో కలిపి వాడే సింథ్) అందుకుంటాడు. స్వరం అడుగు నుంచి పైకి జారుకుంటూ లేస్తుంది. పియానోలోనో, హామండ్ ఆర్గన్‌లోనో సా నుంచి పా కి గెంతాల్సిందే, మధ్యలో జారడం కుదరదు. గిటారిస్టు మాత్రం తీగ లాగి ఆ పని హాయిగా చేసేవాడు. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు జారు గమకం తెలుసు కాబట్టి ఈ పాఠం తొందరగానే పట్టుబడుతుంది.

లోపల జరిగేది ఇదీ. మోగ్‌లో ప్రతి కీ ఒక వోల్టేజీని పంపుతుంది. ఒక ఆక్టేవ్ (కింది సా నుంచి పై సా దాకా) పైకి వెళ్తే ఒక వోల్టు పెరుగుతుంది. గ్లైడ్ నాబ్ తిప్పితే ఆ దారిలో రెసిస్టెన్స్ పెరిగి, కెపాసిటర్ (విద్యుత్తును నిల్వచేసే భాగం) నిండడం ఆలస్యమవుతుంది. దాంతో వోల్టేజీ ఒక్కసారిగా ఎగరదు, మెల్లగా చేరుతుంది. బయల్దేరేటప్పుడు వేగంగా, చేరేటప్పుడు నిదానంగా. ఆ జారుడు గొంతులా వినిపించడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

ఇక వాయిద్దాం. సా-టూత్ వేవ్ (రంపపు పళ్ల ఆకారంలో ఉండే ధ్వని తరంగం) తీసుకుని, గ్లైడ్ సున్నాలో పెట్టి, కింది C, పై C మార్చిమార్చి నొక్కండి. తర్వాత గ్లైడ్‌ని 100 మిల్లీసెకన్ల దగ్గరికి, ఆపైన 400కి తీసుకెళ్లండి. 400 దగ్గర అంబులెన్స్ సైరన్‌లా ఉంటే మీ యాప్ బాగానే పనిచేస్తున్నట్టు. కొత్తవాళ్లు అక్కడే ఉండిపోతారు, ప్రతి స్వరాన్నీ జారుస్తారు. వినేవాళ్లకు రెండు నిమిషాల్లో విసుగొస్తుంది. 100 లోపు ఉంచి, పెద్ద దూరాలు దూకేటప్పుడే పెంచండి.

ఇప్పుడు అసలు కిటుకు. 1970లోనే వచ్చిన మోగ్ వాళ్ల చిన్న సింథ్ మినీమోగ్‌లో రెండు కీలు కలిపి నొక్కితే కిందిదే పలుకుతుంది. మీ యాప్‌లో ‘నోట్ ప్రయారిటీ’ ఉంటే ‘లో’ (Low, అంటే కింది స్వరం) ఎంచుకోండి. కుడిచేతి చిటికెన వేలితో పై G నొక్కిపట్టి, బొటనవేలితో కింది C మీద కొట్టి వదలండి. స్వరం C కి దిగి, వేలు తీయగానే దానంతటదే G కి ఎక్కుతుంది. అదే C ని నొక్కిపట్టి G కొడితే C యే పలుకుతూ ఉంటుంది, G వినపడదు, కంగారుపడకండి. ఇంకో సంగతి, పాత కీ వదలకుండా కొత్తది నొక్కితే మినీమోగ్‌లో ఎన్వెలప్ (స్వరం ఎలా లేచి ఎలా తగ్గాలో నడిపే భాగం) మళ్లీ మొదలవదు. ఒకే ఊపిరిలో పాడినట్టుంటుంది. మీ యాప్‌లో దీన్ని ‘లెగాటో’ అంటారు, ఆన్ చేయండి.

వచ్చే పాఠం లోపు ఈ పని చేయండి. మీకు నచ్చిన ఏదైనా పల్లవి తీసుకుని, రెండే రెండు చోట్ల గ్లైడ్ వాడి రికార్డ్ చేయండి. ఆ రెండు చోట్లే ఎందుకో పక్కన రాసుకోండి. తర్వాతి పాఠం పిచ్ వీల్ మీద, ఎడమచేతికి పని.