ఆల్జినేట్ ఇంప్రెషన్‌ను డిసిన్ఫెక్ట్ చేయడం ఎలా? శనగలు నానబెట్టినట్టు మాత్రం కాదు

కర్నూలులో డెంటల్ ల్యాబ్ నడుపుతున్నాను. నంద్యాల, ఆదోని, డోన్ నుంచి నాకొచ్చే ఇంప్రెషన్లలో, అంటే ఆల్జినేట్ లాంటి ముద్దతో నోట్లో తీసిన పళ్ల అచ్చుల్లో, పాడైనవి రెండు రకాలు. కొన్ని నెత్తురు, ఎంగిలి ఎండిపోయి వస్తాయి. కొన్ని మందులో శనగల్లా నాని ఉబ్బి వస్తాయి. మొదటివాటితో నాకు టెన్షన్, రెండోవాటితో పేషెంటుకు కట్టుడు పళ్లు కూర్చోవు.

గ్లవ్స్, మాస్కు, కళ్లద్దాలు, స్ప్రే సీసా, జిప్ కవరు, గడియారం ఉంటే చాలు.

నోట్లోంచి తీయగానే కుళాయి కింద కడగండి. ఎంగిలి, నెత్తురు మిగిలితే హైపో (క్రిములను చంపే సోడియం హైపోక్లోరైట్ మందు) బలం వాటి మీదే ఖర్చయిపోతుంది. అలాగని కడిగి వదిలేయొద్దు. హెపటైటిస్ బి వైరస్ ఎండిన నెత్తుట్లోనూ వారం రోజులు బతుకుతుంది.

ఐదు శాతం హైపో ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు కలపండి. ఏ రోజుది ఆ రోజే. ఎండకు, వేడికి హైపో బలం పోతుంది. మన ఊరి మే నెలలో కిటికీ పక్కన పెట్టిన సీసాను నేనైతే పారబోస్తాను.

అసలు చిక్కు ఇక్కడే. ఆల్జినేట్‌లో ఎక్కువ భాగం నీళ్లే. నీళ్లలో ఉంచితే పీల్చుకుని ఉబ్బుతుంది, గాలికి వదిలితే కుంచించుకుపోతుంది. అందుకే స్ప్రే. అటూ ఇటూ తిప్పుతూ పళ్ల గుంతల్లోకి, అంచుల కిందికి, ట్రే వెనకకు కూడా తడి చేరేలా కొట్టండి. అంగుడి దగ్గర మడుగు కట్టిన మందును వంపేయండి. వెంటనే జిప్ కవర్లో పెట్టి మూసి, గడియారం చూసి పది నిమిషాలు ఆగండి. అయిదు చాలదు, అరగంట వద్దు. ఫ్యాను కింద అసలే పెట్టొద్దు.

ముంచితే మందు ప్రతి మూలకూ చేరుతుందంటారు. నిజమే. పది నిమిషాలు దాటకుండా ముంచొచ్చని చెప్పేవాళ్లూ ఉన్నారు. కానీ పదో నిమిషానికి తీసేదెవరు? ఈలోపు ఫోన్ వస్తుంది, ఇంకో పేషెంటు కుర్చీ ఎక్కుతాడు, ఇంప్రెషన్ గిన్నెలోనే ఉండిపోతుంది. నేను స్ప్రే అనేది అందుకే.

రబ్బరులాంటి అచ్చు పదార్థం అడిషన్ సిలికాన్‌కు ఈ బెడద లేదు, నిశ్చింతగా ముంచండి. రెండు శాతం గ్లూటరాల్డిహైడ్ మందు కూడా పనికొస్తుంది గానీ, ఆ ఘాటుకు కళ్లు మండుతాయి, గది తలుపులు తీసిపెట్టాలి. పాలీఈథర్ అనే ఇంకో అచ్చు పదార్థం నీళ్లు పీల్చేదే, దాన్ని నానబెట్టొద్దు. అల్ట్రావయొలెట్ పెట్టె కొన్నామని మురిసేవాళ్లకు ఒక్క మాట: వెలుగు పడని గుంతలో క్రిములు అలాగే ఉంటాయి.

పది నిమిషాలయ్యాక మళ్లీ కడిగి, నీళ్లు విదిల్చి, అప్పటికప్పుడే స్టోన్ (గట్టి జిప్సం పిండి కలిపిన ముద్ద) పోయండి. హైపో మిగిలితే క్యాస్ట్ (స్టోన్ గట్టిపడి వచ్చే పళ్ల నమూనా) పైపొర పొడిపొడిగా రాలుతుంది. ఆల్జినేట్‌ను బస్సెక్కించొద్దు, క్యాస్టే పంపండి. సిలికాన్ ఇంప్రెషనే పంపుతుంటే కవరు మీద ఏ మందు, ఎన్ని నిమిషాలు అని రాయండి. ఏమీ రాయకపోతే నేను మళ్లీ మొదటి నుంచి చేస్తాను, ఆ రోజు మీ పని ఆలస్యమవుతుంది.